ఉయ్యాలలో కలకండ

ముగ్గురాయి గనిలో ముప్పై ఏళ్లు మందు పేల్చాను. నా చేతి కింద ఒక్కరికీ దెబ్బ తగలలేదు. ఐదో తరగతి చదువుతోనే మేస్త్రీనయ్యాను. ఆ ధైర్యంతోనే పోయినేడు, మా చర్చి వార్షికోత్సవానికి కలకండ నేనే చేసిస్తానని అందరి ముందూ చెప్పేశాను.

చిక్కటి చక్కెర పాకంలో దారాలు వేలాడదీసి వారం కదపకుండా ఉంచితే, వాటి మీద పలుకులు మెల్లగా పెరుగుతాయి. కానీ రోజూ మధ్యాహ్నం గనిలో నేను పని నేర్పిన కుర్రాళ్లు పేల్చే పేలుడుకు మా ఇంటి నేల అదిరేది. మూత తీస్తే గిన్నె నిండా ఇసుకలాంటి సన్నటి చక్కెరే.

"నువ్వు నేర్పిన పేలుడే కదయ్యా, నిన్ను ఎతుక్కుంటా వచ్చినాది," అని నా భార్య ఎస్తేరమ్మ నవ్వింది.

పండుగ ఇంకా ఎనిమిది రోజులే. రెండో పాకం గిన్నెను పాత చీర ఉయ్యాలలో పెట్టి దూలానికి కట్టాను.

"శానా బాగుండాది, జోల కూడా పాడు!"

పాడలేదు గానీ పక్కనే కూర్చునేవాణ్ణి. దూలం అదిరినా మెత్తటి గుడ్డ ఆ అదురును మింగేసేది. కళ్లు మూసుకుంటే, ఆ తియ్యటి చీకట్లో పలుకు మీద పలుకు వాలుతున్నట్టు కనిపించేది.

ఎనిమిదో రోజు దారం పైకి లాగాను. చింతగింజలంత పలుకులు, పొద్దుటి ఎండను లోపల నింపుకుని మెరిశాయి. ఎస్తేరమ్మ ఒకటి నోట్లో వేసుకుని చప్పరించింది.

"తట్ట యాడుండాది? చర్చికి నేనే మోసుకుపోతా," అంది.