గొర్రెకు పైపళ్ళు ఎన్ని?

నేను తమిళనాడు హోసూరులో తెలుగు మాట్లాడే బట్టల కొట్టు వాళ్ళ బిడ్డను. గుడ్డ పట్టుకొని రంగు పోతుందో లేదో చెప్పడం, బేరం దగ్గర ముఖం మాడ్చుకోవడం నాకు పుట్టుకతో వచ్చాయి. గొర్రెను మాత్రం బస్సు కిటికీలోంచే చూశాను. అలాంటి నన్ను తీసుకొచ్చి అత్తిముగం పక్కన ఒక చిన్న ఊళ్ళో తెలుగు బడికి టీచరుగా వేశారు. నా అయిదో తరగతిలో సగం మంది గొర్రెలు మేపేవాళ్ళ పిల్లలు, మిగతా సగం రాగి, అనుములు పండించేవాళ్ళ పిల్లలు. వాళ్ళకు నేను జంతువుల గురించీ పంటల గురించీ పాఠం చెప్పాలి. ఇందులో తమాషా ఏముందో నాకు చాలాకాలం తెలియలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు మా బడికి ఒక కంప్యూటరు వచ్చింది. వచ్చింది అంటే ఒక టర్మ్‌కు అరువిచ్చారు. టర్మ్ ఆఖర్లో కృష్ణగిరి నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడు. పిల్లలకు పనికొస్తోందని రాస్తే మాకే ఉంటుంది, లేకపోతే హోసూరులో ఒక పెద్ద బడికి వెళ్ళిపోతుంది. ఆ పెద్ద బడికి అప్పటికే నాలుగు ఉన్నాయి. మాకు ఇది ఒక్కటే. దాన్ని పోనిచ్చేది లేదని హెడ్మాస్టరు గారి ముందు బల్ల గుద్ది చెప్పాను. బల్ల ఆయనది.

ఆ గుద్దుడికి ఫలితంగా నన్నే కృష్ణగిరికి మూడు రోజుల ట్రైనింగుకు పంపారు. చెన్నై నుంచి వచ్చిన ఒకాయన ‘ఇంటరాక్టివ్’ అనకుండా మంచినీళ్ళు కూడా అడగలేదు. ఆయన చూపించింది మాత్రం నిజంగా బాగుంది. ఇంటర్నెట్టులో ఒక సైటు. మనం ప్రశ్న టైపు చేసి, నాలుగు జవాబులిచ్చి, సరైనదాని మీద టిక్కు పెడితే చాలు, అదే ఆట తయారు చేసి ఇస్తుంది. బొమ్మ మనమే ఎంచుకోవచ్చు. జవాబు సరిగ్గా నొక్కితే ఏ చప్పుడు రావాలి, తప్పు నొక్కితే ఏ చప్పుడు రావాలి అన్నదీ మన ఇష్టమే. నాకు చీరల కొత్త స్టాకు విప్పినంత సంబరమయింది.

శని, ఆదివారాలు హోసూరు బ్రౌజింగ్ సెంటరులో కూర్చున్నాను. చెక్క గదిలో నాకు అటూ ఇటూ కుర్రవాళ్ళు చాటింగ్ చేసుకుంటుంటే, మధ్యలో నేను గొర్రె బొమ్మలు వెతుక్కున్నాను. తెలుగులో టైపు చేస్తే అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. సరే పొమ్మని ఉపాయం పన్నాను. ప్రశ్న నల్లబల్ల మీద తెలుగులో రాస్తాను, కంప్యూటరులో బొమ్మలూ అంకెలూ ఉంటాయి. మొత్తం ఇరవై ప్రశ్నలు. సరైన జవాబుకు చప్పట్లు పెట్టాను. తప్పు జవాబుకు కారు హారను, గాజు పగలడం, గొర్రె అరుపు ఉంటే, పాఠానికి తగ్గట్టు గొర్రెను పెట్టాను. బడిలో ఇంటర్నెట్టు లేదని సెంటరు అతను అంతా ఒక సీడీలో ఎక్కించి ఇచ్చి, ‘ఇంక దీంట్లో ఏమీ మార్చడానికి కాదు మేడమ్’ అన్నాడు. మార్చాల్సింది ఏముంటుందని నవ్వాను.

సోమవారం ఊళ్ళో సగం మందికి చెప్పి మరీ సీడీ పెట్టాను. అది తెరుచుకోలేదు. మళ్ళీ పెట్టాను, తుడిచి పెట్టాను, దండం పెట్టి పెట్టాను. తెరుచుకోలేదు. అప్పుడు, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, పిల్లలందరి ముందూ భోరున ఏడ్చేశాను. పిల్లలు చప్పుడు చేయకుండా బయటికి వెళ్ళి కూర్చున్నారు. మర్నాడు తెలిసింది, నేను దాన్ని తలకిందులుగా పెడుతున్నానని.

ఆట మొదలయింది. మొదటి తప్పు జవాబుకు స్పీకరులోంచి గొర్రె అరిచింది. కిటికీ అవతల మేస్తున్న నిజం గొర్రె తలెత్తి బదులు పలికింది. తరగతి విరగబడి నవ్వింది. తర్వాత నల్లబల్ల మీద ‘గొర్రెకు పైన ముందు పళ్ళు ఎన్ని?’ అని రాశాను. పుస్తకంలో కింద ముందు పళ్ళు ఎనిమిది అని ఉంది. కింద ఎనిమిది ఉంటే పైన కూడా ఎనిమిదే కదా, దీనికి పెద్ద చదువు కావాలా? జవాబులుగా సున్నా, రెండు, నాలుగు, ఎనిమిది పెట్టాను. సున్నా కేవలం నవ్వు కోసం.

మొదటి బెంచీలో కూర్చునే పిల్ల, వాళ్ళ ఇంట్లో నలభై గొర్రెలు, చకచకా వచ్చి సున్నా నొక్కింది. గొర్రె అరిచింది.

‘ఏమ్మా, పళ్ళే లేకపోతే గడ్డి ఎట్లా తింటుంది, స్ట్రా పెట్టుకొనా?’ అని నా హాస్యానికి నేనే మురిసిపోయాను.

పిల్ల నా వైపు చూసింది, కంప్యూటరు వైపు చూసింది. తర్వాత ఎనిమిది నొక్కింది. చప్పట్లు మోగాయి. ఆ రోజు నుంచి ఎవరిని పిలిచినా ఎనిమిదే నొక్కారు. పదిరోజుల్లో ఇరవై ప్రశ్నలకూ తప్పులేకుండా చప్పట్లు మోగించారు. కంప్యూటరు మన చేతిలోంచి ఎక్కడికీ పోదని హెడ్మాస్టరు గారికి ధైర్యం చెప్పాను.

ఆఫీసరు రానే వచ్చాడు. మనిషి పొడుగు, మాట ముక్తసరి. వెనక కుర్చీలో కూర్చొని ఫైలు తెరిచాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నొక్కుతున్నారు, చప్పట్లు మోగుతున్నాయి, నేను పెళ్ళికూతురి తల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాను. మొదటి బెంచీ పిల్ల వంతు వచ్చింది. గొర్రె పళ్ళ ప్రశ్న. ఎనిమిది నొక్కింది. చప్పట్లు.

ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు. అంతదాకా తమిళంలో మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి తెలుగులోకి దిగాడు.

‘ఎన్ని పాపా?’

‘కంప్యూటర్‌లో ఎనిమిది సార్.’

‘గొర్రెకు?’

పిల్ల నన్ను చూసింది. నేను ధైర్యంగా తల ఊపాను. ‘గొర్రెకు ఏమీ ఉండవు సార్. పైన ఉత్త చిగురే,’ అంది.

‘ఇది ఎంతమందికి తెలుసు?’ అని అడిగాడు. తరగతిలో చేతులన్నీ లేచాయి. ఎత్తనిది నేనూ, హెడ్మాస్టరు గారూ.

‘తెలిసి ఎనిమిది ఎందుకు నొక్కినారు?’

పిల్ల గౌను కొస నలుపుకుంటూ చెప్పింది. ‘మిస్ ఇస్కూలు లేని రెండు దినాలూ హోసూర్‌లో కూర్చోని చేసుకోని వచ్చినారు సార్. సీడీ రాలేదని ఒగ పొద్దు ఏడ్చినారు గూడా. ఇంగ గొర్రెకు పండ్లు లేవని చెప్తే మళ్ళ ఏడుస్తారని, మేమంతా మాట్లాడుకోని ఎనిమిదే అనుకొన్నాము.’

భూమి చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. హెడ్మాస్టరు గారు పైకప్పు వైపు చూస్తున్నారు. కంప్యూటరు పోయినట్టే.

ఆఫీసరు మాత్రం లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. ‘ఆడ మేసేది ఎవరిదప్పా? పట్టుకోని రాండి,’ అన్నాడు. నలుగురు పిల్లలు దూకారు. గొర్రె వరండాలోకి వచ్చింది. ఆఫీసరు చొక్కా చేతులు మడిచి, అలవాటైనవాడిలా దాని దవడ పట్టి నోరు తెరిచాడు.

‘మాది అంచెట్టి పక్క. చిన్నప్పుడు నేనూ వీటి ఎనకాల తిరిగినోణ్ణే. ఏలు పెట్టమ్మా.’

‘కరిస్తే?’ అన్నాను నేను.

‘ముందు పక్క పైన ఏముండాదని కరుస్తాది?’

పెట్టాను. ముప్పై ఏళ్ళ వయసులో, చదువుకున్న మనిషిని, ఆఫీసరు ఎదుట గొర్రె నోట్లో వేలు పెట్టాను. కింద వరసగా పళ్ళు. పైన నున్నగా, గట్టిగా చిగురు, అంతే. గొర్రె నా వేలు వదిలి చీర కొంగు పట్టుకుంది. రంగు పోని మంచి చీర. దాన్ని విడిపించడానికి ముగ్గురు కావలసి వచ్చింది.

ఆఫీసరు ఫైలులో రాసి, మాకు చదివి వినిపించాడు. ‘పిల్లలకు పాఠం వచ్చు. టీచరుకు ఇంకొక టర్మ్ కంప్యూటరు అవసరం.’ పిల్లలు నిజం చేతులతో చప్పట్లు కొట్టారు. నాకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఈసారి ఏడ్చినా ఎవరూ బయటికి వెళ్ళలేదు.

జీపు మలుపు తిరిగేదాకా అందరం గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాం. నేను తడిసిన కొంగు పిండుకుంటుంటే మొదటి బెంచీ పిల్ల దగ్గరకు వచ్చింది. రోడ్డు వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకొని, మెల్లగా చెప్పింది.

‘ఇంగా నాలుగు తప్పులు ఉండాయి మిస్. ఆ సారు ఉండంగా చెప్పలేదు.’

నేను సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నాను.