హకీమా ఫిలొమేనా బరువు

హకీమా ఫిలొమేనాకి ఉన్నది ఒక్కటే పిచ్చి: తన బరువు. రోజుకొకసారి కాటా ఎక్కి చూసుకునేవాళ్ళు ఉంటారు, రెండుసార్లు చూసుకునేవాళ్ళూ ఉంటారు. ఆవిడ ముప్ఫైసార్లు ఎక్కేది. ఎక్కి, వంగి, కళ్ళద్దాలు సవరించుకుని అంకె చూసి, "మళ్ళీ లావయ్యాను" అని కోమ్ నఖ్లా ఊరు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వినపడేలా వాపోయేది.

పోర్చుగల్లో నలభై ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరై, ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయని, నైలు ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో మిషన్ ఆస్పత్రికి రెండేళ్ళపాటు జీతం లేకుండా పనిచేయడానికి వచ్చింది. నర్సుని హకీమా అనడం ఊరి పాత అలవాటు కాబట్టి ఆమె దిగిన రోజునే హకీమా అయిపోయింది. పలకంత పల్చటి గాజు కాటా ఒకటి వెంట తెచ్చుకుంది. వారం వారం ఇల్లిల్లూ చూడబోయినా అది సంచిలో లేకుండా గడప దాటేది కాదు. పెళ్ళిళ్ళలో ఎక్కింది. పరామర్శకి వెళ్ళిన ఇంట్లో కూడా, ఖురాను చదవడం పూర్తయ్యేదాకా ఆగి, వసారాలోకొచ్చి ఎక్కింది.

దానికి తోడు మతిమరుపు. చేతిలో ఉన్నది కింద పెట్టి ఎక్కాలని ఎన్నడూ గుర్తుండేది కాదు. బాతుని చంకలో పెట్టుకుని ఎక్కేది. ఎండలో పొంగిన రొట్టెల పళ్ళెంతో ఎక్కేది. ఎవరి పిల్లనో ఎత్తుకుని ముద్దాడుతూ ముద్దాడుతూ ఎక్కేసేది. ఎక్కి ఏడుపు మొదలుపెడితే పక్కనున్నవాళ్ళు నవ్వి, "చేతిలోది దించండి హకీమా" అనేవారు. అప్పుడు దించి, మళ్ళీ ఎక్కి, "అమ్మయ్య, తగ్గాను, దేవుడికి స్తోత్రం" అని నల్ల అట్ట పుస్తకంలో ఏదో రాసుకునేది.

ఊరి ఆడవాళ్ళకి జాలేసేది. ఒకామె జీలకర్ర నీళ్ళు మరిగించి పంపేది, ఇంకొకామె సోంపు కషాయం. హకీమా అన్నీ తాగేది. తాగి, వాటితోపాటు వాళ్ళే పెట్టిన నేతి ఫతీర్ రొట్టె మూడు ముక్కలు తినేది.

ఆస్పత్రి ల్యాబులో పనిచేసే షాజ్లీకి మాత్రం ఇది నవ్వులాట కాదు. అతను అస్యూత్‌లో సైన్సు చదివినవాడు. కొలత అంటే అతనికి నమాజంత శుద్ధిగా ఉండాలి. మొదట దించి ఎక్కడం, ఆ తర్వాత రాయడం, ఇదీ పద్ధతి అని ఆమెకి కాగితం మీద రాసి గోడకి అంటించాడు. ఆమె దాన్ని రోజూ చదివి మెచ్చుకుని, కోడిపుంజుతో కాటా ఎక్కేది. చివరికి అతనికి అనుమానమొచ్చింది, ఇంత మతిమరుపు థైరాయిడ్ వల్లేమోనని. సూది పట్టుకుని వచ్చి, ఒక్క గొట్టం రక్తం ఇవ్వమని బతిమాలాడు. ఆమె వెంటనే చొక్కా చెయ్యి పైకి లాగింది. రక్తంలో ఏ లోపమూ లేదు. షాజ్లీ నాలుగు రోజులు దిగులుగా తిరిగాడు.

అసలు దిగులు ఇంట్లో ఉంది. అతని కూతురు జీనాత్‌కి ఐదు నెలలు. మణికట్లు చిక్కుడుకాయల్లా ఉండేవి. ఆస్పత్రిలోని వైద్య పుస్తకంలో ఏ నెలకి ఎంత బరువుండాలో పట్టిక ఉంది, అది అతనికి కంఠతా వచ్చు. కూతురి బరువెంతో మాత్రం తెలీదు. ఎందుకంటే కోమ్ నఖ్లాలో పసిపిల్లని తూచరు. ఫలానా బిడ్డ ఇన్ని కిలోలని నోటి వెంట వచ్చిందంటే దిష్టిని పిలిచి కూర్చోబెట్టినట్టే. బొద్దుగా ఉన్న పిల్లని కూడా కప్పపిల్లలా ఉందనే అనాలి. అందరి కన్నా పట్టుదల షాజ్లీ తల్లి, మక్కా వెళ్ళొచ్చిన హాజ్జా తఫీదాది. అతనికన్నా ముందు ఆమెకో ఆడపిల్ల. పట్నం నుంచి వచ్చిన నర్సు ఎవరో ఆ పిల్లని తూచి, నలభై మంది ఆడవాళ్ళ మధ్య బరువు చదివి, శభాష్ అంది. పై శుక్రవారానికి పిల్ల లేదు. జ్వరమని షాజ్లీకి తెలుసు. తెలుసని తల్లితో అనగల ధైర్యం సైన్సు అతనికి నేర్పలేదు.

ఇంతలో హకీమా గడువు తీరిపోయింది. గురువారం ప్రయాణం. ఆ స్థానంలోకి ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో మిషన్ వాళ్ళకే తెలీదు. వారం రోజులుగా ఆడవాళ్ళు జబ్బు లేకపోయినా ఆస్పత్రికి వచ్చి, ఆమె గది గుమ్మంలో కాసేపు కూర్చుని వెళ్ళిపోతున్నారు. షాజ్లీ గోడ అవతల సీసాలు కడుగుతూ "మళ్ళీ లావయ్యాను" కోసం చెవి ఒగ్గి ఉండేవాడు. శుక్రవారం సెలవు గడిచి, శనివారం నుంచి ఈ గోడ ఎంత ఉత్తగోడలా ఉంటుందోనని అనిపించి, కడిగిన సీసాలే మళ్ళీ కడిగేవాడు.

బుధవారం ఆస్పత్రి ముంగిట్లో విందు చేశారు. అందరూ బాతు మాంసం మీద ఉన్న సమయం చూసి షాజ్లీ భార్య ఒళ్ళోంచి పిల్లని తీసుకుని, ఎండ తగులుతోందని చెప్పి, హకీమా గదిలోకి దూరాడు. తలుపు దగ్గరగా వేసి, విందుకని ఆమె గదిలోనే వదిలిన సంచిలోంచి గాజు కాటా తీసి, తువ్వాలు పరిచి, జీనాత్‌ని దాని మీద పడుకోబెట్టాడు.

కాటా ఏమీ చూపించలేదు. పిల్లని ఎత్తి మళ్ళీ పెట్టాడు. ఒక గీత వెలిగి ఆరిపోయింది. బ్యాటరీ తీసి తుడిచి వేశాడు. కూర్చోబెట్టి చూశాడు. జీనాత్ పిడికిలి చీకుతూ ఒక పక్కకి ఒరిగి, తండ్రిని జాలిగా చూసింది. తన కూతురు కాటా పసిగట్టలేనంత తేలికయిపోయిందా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాడు.

"పది కిలోల లోపు మనుషులు దానికి కనపడరు, షాజ్లీ."

గుమ్మంలో హకీమా. చేతిలో ఫతీర్ ముక్క. దాన్ని నోట్లో పెట్టుకుని, పిల్లని ఎత్తుకుని కాటా ఎక్కింది. ఎనభై రెండు పాయింట్ ఆరు. పిల్లని అతని చేతికిచ్చి మళ్ళీ ఎక్కింది. డెబ్భై ఏడు పాయింట్ రెండు. ఈసారి లావయ్యాననీ అనలేదు, తగ్గాననీ అనలేదు. సంచిలోంచి నల్ల అట్ట పుస్తకం తీసి అతని ముందు తెరిచింది.

ప్రతి పేజీలోనూ రెండు వరసల అంకెలు. పిల్లల పేర్లు ఒక్కటీ లేవు. పైన మాత్రం 'గుడ్డి మేక ఇల్లు', 'పచ్చ తలుపు', 'మూడు ఖర్జూరాలు' అని రాసి ఉంది. మూడు ఖర్జూర చెట్లున్నది షాజ్లీ ఇంటి ముందు. ఆ పేజీలో ఇరవై రెండు వారాల అంకెలున్నాయి. అతను ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తూ వచ్చాడు. రెండు పాయింట్ ఆరు. మూడు పాయింట్ ఒకటి. నాలుగు. ఐదు. ఐదు పాయింట్ నాలుగు. ఒకటో తరగతి పిల్లాడు చేసే తీసివేత. రెండేళ్ళుగా పక్కగదిలో కూర్చుని ఆమెకి పద్ధతి నేర్పినవాడు నేల మీద చతికిలబడ్డాడు.

"మరి బాతులెందుకు?" అన్నాడు.

"పిల్లల్ని మాత్రమే ఎత్తుకుని ఎక్కితే మీ ఊరు ఊరుకుంటుందా? నా బరువుకి ఎవరి దిష్టీ తగలదు నాయనా, ఎంత గట్టిగా చదివినా నష్టం లేదు." ఆమె జీనాత్ ముక్కు మీద వేలితో రాసింది. "మీ పిల్ల సన్నం. కానీ ఒక్క వారం కూడా ఆగలేదు, ఎక్కుతూనే ఉంది. నువ్వు సన్నం, మీ అమ్మ సన్నం. మీ ఇంట్లో ఏనుగెలా పుడుతుంది?"

"రక్తం ఎందుకిచ్చారు మరి?"

"అంత ప్రేమగా అడిగావు. కాదనలేకపోయాను."

పుస్తకం, కాటా అతని దగ్గరే వదిలేసింది.

గురువారం పొద్దున హాజ్జా తఫీదా ఇల్లిల్లూ తిరిగి, కిటికీల మీద చల్లబెట్టిన మట్టికూజాలన్నీ లోపల పెట్టించింది. పీడ విరగడయిందనుకున్న మనిషి వెనకాల ఇక్కడ కూజా పగలగొడతారు, మళ్ళీ రాకూడదని. పిల్లి దూకి పడేసినా సరే, పగిలింది పగిలినట్టే. అందుకని వ్యాను మలుపు తిరిగేదాకా ఊళ్ళో ఎవరూ మంచినీళ్ళు ముట్టుకోలేదు. హకీమా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. చెరుకు తోటల మీద దుమ్ము లేచి, నెమ్మదిగా కిందికి దిగింది. ఎవరికీ ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు.

కాసేపటికి హాజ్జా పిల్లని భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది. షాజ్లీ పక్కన నడిచాడు. ఆమె అతని వంక చూడకుండా అడిగింది.

"ఒరే, హకీమా నెల కిందటికీ నిన్నటికీ ఏమైనా లావయిందా?"

షాజ్లీ ఆగిపోయాడు. ప్రతి మంగళవారం హకీమా తమ ఇంటి గుమ్మంలోకి రాగానే, చేతికి పిండి అంటిందనో మసి అంటిందనో చెప్పి పిల్లని ఆమె చేతుల్లో పడేసింది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, నీకు తెలుసా?"

"నాకేం తెలుసురా? చదువుకున్నవాడివి నువ్వు. నేను ఆవిడ సంగతి అడిగాను."

"నాలుగు వందల గ్రాములు."

హాజ్జా ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగడుగులు అలాగే నడిచింది.

"పాపం, ఊరు కాని ఊళ్ళో ఆ మాత్రం వంటబట్టిందిలే" అంది. తర్వాత కొడుకుని ఎగాదిగా చూసింది. "నువ్వూ ఈమధ్య ఒళ్ళు చేస్తున్నట్టున్నావు. మంగళవారం మంగళవారం చూసుకుంటూ ఉండు. ఇదిగో, దీన్ని పట్టుకో, నా చేతులు ఖాళీగా లేవు."

పిల్లని అతనికిచ్చి, ఖాళీ చేతులూపుకుంటూ ముందుకి నడిచింది.