సైమా పెట్టని సంతకం

సైమా కెట్టునెన్‌ని సంతకం పెట్టమని అడగడం ఎంత తెలివితక్కువ పనో మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. రే డుఫ్రేన్‌కి మాత్రం తెలియలేదు. అలాగని అతను పరాయివాడేం కాదు. ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలోనే సైమా వడ్డించిన మధ్యాహ్న భోజనం తిని ఎదిగినవాడు. జిల్లా కేంద్రంలో ఇళ్ళని వెచ్చబెట్టే ఫర్నేసుల దుకాణం తెరిచి, వ్యాను మీద తన పేరు పెద్ద అక్షరాలతో రాయించుకున్నాక ఆ సంగతి మరిచిపోయినట్టున్నాడు.

అది ఎనభై నాలుగు జనవరి. మిన్నెసోటాలో మా వైపు ఇనుపరాతి గనులు మూతపడ్డాక వచ్చిన రెండో చలికాలం. బయట ఫారెన్‌హీట్ లెక్కలో సున్నాకి ముప్ఫై డిగ్రీలు కింద ఉంది. కొరిన్ స్టాఖర్ ఇంట్లో ఆరు వారాల పసిబిడ్డ. మొగుడు పని వెతుక్కుంటూ టెక్సస్ పోయాడు. గోడమీది థెర్మోస్టాట్‌ని అరవై ఎనిమిదికి తిప్పినా ఇంట్లో వేడి యాభై నాలుగు దాటడం లేదు. కింద సెల్లార్‌లో ఫర్నేస్ వెలుగుతుంది, నాలుగు నిమిషాలకి ఆరిపోతుంది. మంట ఆరినా, వేడిగాలిని ఇంట్లోకి నెట్టే బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. కాసేపటికి మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆరుతుంది. రెండు వారాలుగా ఇదే తంతు.

కొరిన్ ముందు సైమాకే ఫోన్ చేసింది. సైమా చెల్లెలి కంటి ఆపరేషన్‌కని డులూత్ వెళ్ళి ఉంది. గతిలేక డుఫ్రేన్‌ని పిలిచింది. అతను వచ్చి, లైటు వేసి చూసి, ఫర్నేస్ లోపల మంట మండే ఇనుప గది పగిలిందన్నాడు. విషవాయువు ఇంట్లోకి వస్తుందన్నాడు, కొత్త ఫర్నేస్ కొనాల్సిందేనన్నాడు. గ్యాసు కట్టేసి, కవాటానికి 'వాడరాదు' అని ఎర్ర చీటీ కట్టాడు. అంతటితో ఊరుకోలేదు. లైసెన్సు లేని చేతులు కెలికినందువల్లే ఇలా అయిందని ఊరి కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశాడు. ఆ చేతులు ఎవరివో ఊరందరికీ తెలుసు.

సైమాకి ఈ విద్య వచ్చిన తీరు వేరు. మొగుడు ఐనార్ బడిలో ఫర్నేసులు చూసుకునేవాడు. పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో అతని చేతులకి వణుకు పట్టుకుంది. మర బిగిస్తే మర కింద, పానా పడితే పానా కింద. అప్పటినుంచి అతను మెట్లపైన కుర్చీ వేసుకుని కూర్చుంటే, బడి వంటగదిలో పనిచేసే సైమా సెల్లార్‌లోకి దిగేది. "ఏం వినబడుతోంది?" అని పైనుంచి అడిగేవాడు. "కీచుమంటోంది." "తిరగడం మొదలెట్టేటప్పుడా, తిరిగినంతసేపూనా?" ఇలా పద్నాలుగేళ్ళు. బెల్టు వదులైతే మొదట్లో అరుస్తుందనీ, బేరింగుకి నూనె లేకపోతే తిరిగినంతసేపూ మూలుగుతుందనీ ఆవిడ చెవులకి పట్టుబడింది. ఐనార్ పోయాక లైసెన్సు పరీక్షకి కూర్చుంటానని వెళితే, అక్కడి మాస్టారు "వంటల క్లాసు పై అంతస్తులోనమ్మా" అన్నాడట. "వంట నాకు వచ్చు. నీకు వచ్చా?" అని అడిగి వచ్చేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఇరుగుపొరుగు ఫర్నేసులు బాగుచెయ్యడమూ మానలేదు. కాఫీ, ఏలకుల రొట్టె పెడితే చాలు, పానాల డబ్బాతో దిగిపోయేది.

ఆవిడకి ఇంకో విద్య కూడా ఉంది. పాతబట్టలు పీలికలు చేసి మగ్గం మీద తివాచీలు నేస్తుంది. నీళ్ళు పోసినా కిందికి దిగనంత బిగువుగా నేస్తానని గొప్ప. ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా సైమా తివాచీ వెళ్ళాల్సిందే. కొరిన్ బిడ్డకైతే, ఐనార్ నీలిరంగు పని చొక్కాలు దాచుకున్నవి తీసి మరీ నేసింది.

సైమా డులూత్ నుంచి తిరిగొచ్చాక, శనివారం పొద్దున పదకొండు గంటలకి కొరిన్ ఇంట్లో అందరూ కలిశారు. ఊరి తనిఖీదారు లూడ్విగ్ గ్రాహెక్ వచ్చాడు. చర్చివాళ్ళు ఇచ్చిన కరెంటు హీటరు పక్కన కొరిన్ బిడ్డని దుప్పట్లో చుట్టుకుని కూర్చుంది. డుఫ్రేన్ చేతిలో ఒక కాగితం ఉంది. 'ఇకపై ఈ ఊళ్ళో ఏ ఇంటి ఫర్నేస్ మీదా చెయ్యి వెయ్యను' అని టైపు చేయించి, కింద సంతకానికి గీత గీయించి తెచ్చాడు.

"మిసెస్ కెట్టునెన్, మీరంటే నాకు చాలా గౌరవం," అన్నాడు. "అందుకే కౌన్సిల్‌లో విచారణ దాకా పోకుండా ఇక్కడే తేల్చేద్దామంటున్నా. ఇదిగో, ఇక్కడ పెట్టండి."

"గౌరవం ఉంటే ముందు బూట్లు విప్పు. కొరిన్ ఇప్పుడే నేల తుడిచింది."

డుఫ్రేన్ బూట్లు విప్పాడు. ఒక మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లు ఉంది. సైమా చూసింది. చూసిందని అతనికీ తెలిసింది.

"సంతకం సంగతి తర్వాత. పగులెక్కడో చూపించు," అంది.

కొరిన్‌ని బిడ్డతో పైనే ఉంచి, ముగ్గురూ కిందికి దిగారు. ఎర్ర చీటీ విప్పే హక్కు తనదే కాబట్టి గ్రాహెక్ దాన్ని విప్పి జేబులో వేసుకున్నాడు. అద్దం, లైటు పట్టుకుని ఇనుప గది మూలమూలా చూశాడు. అరగంట చూశాడు. పగులు కనబడలేదు. గ్యాసు తెరిచి మంట వెలిగించారు.

"ఇప్పుడు మంట చూడండి," అంది సైమా. "లోపల పగులుంటే బ్లోయర్ తిరగ్గానే మంట ఊగుతుంది."

బ్లోయర్ తిరిగింది. మంట నీలంగా, నిటారుగా నిలబడింది.

"చిన్న పగులైతే ఊగదు," అన్నాడు డుఫ్రేన్.

"ఊగనంత చిన్నది, అద్దానికీ దొరకనిది నీకెలా దొరికింది నాయనా? మూడో తరగతిలో పళ్ళెంలో బఠాణీలే కనబడేవి కావు నీకు, వదిలేసేవాడివి."

గ్రాహెక్ దగ్గు తెచ్చుకున్నాడు. అంతలో టక్కుమంది. మంట ఆరిపోయింది. వాచీ చూస్తే సరిగ్గా నాలుగు నిమిషాలు.

"చూశారా?" డుఫ్రేన్ ఫర్నేస్ పక్కనున్న చిన్న డబ్బాని వేలితో కొట్టాడు. "మంట ఆర్పేది ఇదే. పోయిన అక్టోబరులో ఈ డబ్బా పెట్టింది ఈవిడే. అదీ కొత్తది కాదు, కూల్చేసిన ఇంట్లోంచి పీక్కొచ్చింది. కాదని చెప్పమనండి."

కాదనడానికి లేదు. లోపలి గాలి వేడెక్కగానే బ్లోయర్‌ని తిప్పేది, మరీ కాగిపోతే మంట ఆర్పేసేది ఆ డబ్బాయే. అది పిచ్చిపట్టి ఉత్తపుణ్యానికి మంట ఆర్పుతుంటే డుఫ్రేన్ చెప్పిందే నిజం. అప్పుడిక సంతకం పెట్టక తప్పదు. సైమాకి భయం వేసింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఐనార్ పోయాక తనకంటూ మిగిలిన పని ఇదొక్కటే. ఇది పోతే ఇంట్లో మగ్గం ముందు కూర్చుని, పక్కింటి ఫర్నేస్ మూలుగు గోడ ఇవతలనుంచి వినడమే మిగులుతుంది.

భయపడ్డట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. పానాల డబ్బాలోంచి బడి వంటగదిలో పాకం చూసే థెర్మామీటరు తీసి, రేకు గొట్టానికున్న రంధ్రంలో దూర్చింది. మంట మళ్ళీ వెలిగింది. నూట యాభై. నూట ఎనభై. రెండు వందల దగ్గర టక్కుమంది.

"రెండు వందలకి ఆర్పాలి, రెండు వందలకే ఆర్పింది. డబ్బా అబద్ధం ఆడటం లేదు లూడ్విగ్. లోపల నిజంగానే కాగిపోతోంది."

"ఎందుకు కాగిపోతోంది?"

"గాలి చాలక. మంటకి తగ్గ గాలి దానిమీదుగా పోవడం లేదు."

బెల్టు నొక్కి చూసింది, బిగువుగానే ఉంది. ఫిల్టర్ తీసి చూసింది, కొత్తదే. బ్లోయర్ చక్రానికి దుమ్ము లేదు. కళ్ళు మూసుకుని విన్నది. చక్రం తిరుగుతోంది కానీ, ముక్కు మూసుకుని పరిగెత్తే మనిషిలా ఊపిరందని చప్పుడు. బ్లోయర్ తలుపు ఊడదీసింది. వెంటనే ఆ చప్పుడు మారి హాయిగా ఊదసాగింది. ఐదు నిమిషాలు, ఏడు, పది. మంట ఆరలేదు.

"ఇలా తెరిచి ఎవరూ నడపకండి, పొగ లాక్కుంటుంది," అని తలుపు మళ్ళీ బిగించింది. "ఫర్నేస్ బంగారంలా ఉంది. పైన ఎవరో దాని గొంతు నొక్కారు."

ఆ మాట అంటూనే ఆవిడకి కోపం వచ్చింది. పాతికేళ్ళుగా ఊరందరికీ చెప్పి చెప్పి విసిగిన సంగతి ఇది. ప్రతి ఇంట్లోనూ నేలకి ఒక పెద్ద జాలీ ఉంటుంది, ఇంట్లోని చల్లగాలి దానిలోంచే ఫర్నేస్‌లోకి తిరిగి వెళుతుంది. దాని దగ్గర నిలబడితే కాళ్ళు జివ్వుమంటాయి. చలి అక్కడినుంచే వస్తోందనుకుని మావాళ్ళు దానిమీదికి సోఫా జరుపుతారు, పెట్టె పెడతారు. "చలి అక్కడినుంచి రాదు మొర్రో, అక్కడికి పోతుంది. పోయేది పోనిస్తేనే వెచ్చనిది వస్తుంది," అని సైమా ఎన్ని ఇళ్ళలో ఎన్ని సోఫాలు తన చేత్తో పక్కకి లాగిందో లెక్కలేదు.

డుఫ్రేన్ ముందుగా మెట్లెక్కి, నడవాలో నిలబడ్డాడు. మేజోళ్ళ కాళ్ళకి వెచ్చగా ఉన్న చోటు ఎంచుకుని మరీ నిలబడ్డాడు. సైమా వెనకే వచ్చి, అతని కాళ్ళ కిందికి చూసి, ఆగిపోయింది.

నీలిరంగు తివాచీ. ఐనార్ చొక్కాలు. ఒక అంచున ఇనుపరాతి ఎర్ర మరక ఇంకా అలాగే ఉంది.

బిడ్డకి జ్ఞానస్నానం చేయించిన రోజు ఇల్లంతా జనం. రాత్రిళ్ళు బిడ్డనెత్తుకుని నడుస్తుంటే ఇక్కడ కాళ్ళు కొయ్యబారుతున్నాయని కొరిన్ అంటే, మాటల్లో పడి, మురిపెంలో పడి, తానే పరిచింది. పరిచి, నలుగురూ బాగుందంటే పొంగిపోయింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అయింది. ఆ రోజుకీ ఈ రోజుకీ రెండు వారాలు.

తివాచీని కాలితో పక్కకి నెట్టేసి, 'ఏదో అడ్డం పడింది' అంటే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన ఆవిడకి రాలేదని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. ఒక్క నిమిషం వచ్చింది.

"రే, కాలు తియ్యి," అంది సైమా. వంగి, తివాచీ పట్టుకుని లాగేసింది. కింద నల్లటి జాలీ బయటపడింది. జాలీ ఒక్కసారి బుస్సున గాలి లాక్కుంది, కింద బ్లోయర్ చప్పుడు తేలికపడింది.

"నేనే వేసుకున్నానాంటీ అక్కడ, నాకు తెలియక," అంది కొరిన్ గబగబా.

"నువ్వు నోరు మూసుకో అమ్మా. నేసింది నేను, పరిచింది నేను. బిడ్డని చలికి కూచోబెట్టిందీ నేనే." సైమా గ్రాహెక్ వైపు తిరిగింది. "లూడ్విగ్, రాసుకో. తప్పు నాది."

డుఫ్రేన్ మొహం వెలిగింది. "నేను మొదట్నించీ అదేగా చెబుతున్నది. ఈవిడ చేతిపనే అని. ఇక పెట్టండి సంతకం."

"నా చేతిపనే. తప్పు నాది, పగులు నీది. నా తప్పు ఇదిగో, ఎత్తి పట్టుకున్నా, అందరూ చూడండి. నీ పగులు ఎక్కడుందో నువ్వూ ఎత్తి చూపించు. బాగున్న ఫర్నేస్‌ని తీయించి, మొగుడు ఊళ్ళో లేని పిల్లకి కొత్తది అంటగడదామనుకున్నావే, ఆ చేతులకి లైసెన్సు ఉంది. ఉంచుకో."

సైమా గ్రాహెక్ వైపు చెయ్యి చాపింది. "ఆ ఎర్ర చీటీ ఇలా ఇవ్వు."

చీటీని కిటికీ గట్టు మీద పెట్టి, డుఫ్రేన్ జేబులోంచే పెన్ను లాక్కుని, వెనకవైపు రాసింది: 'గాలి దారి మూసింది సైమా కెట్టునెన్. తెరిచింది సైమా కెట్టునెన్.' కింద సంతకం పెట్టింది. చీటీని తివాచీ కుచ్చుకి ముడివేసి కట్టింది.

"సంతకం కావాలన్నావుగా. ఇదిగో. ఆ కాగితం మీద మాత్రం నేను చచ్చినా పెట్టను."

గ్రాహెక్ తల గోక్కున్నాడు. "కౌన్సిల్‌కి ఏం చెప్పమంటావ్ సైమా?"

"జరిగింది జరిగినట్టు చెప్పు, తివాచీతో సహా. ఆ తర్వాత కూడా ఫర్నేసులు ముట్టుకోవద్దంటే, ముట్టుకుంటానంది అని చెప్పు."

మధ్యాహ్నం రెండు గంటలకల్లా థెర్మోస్టాట్ ముల్లు అరవై ఎనిమిది దగ్గరికి వచ్చింది. కొరిన్ బిడ్డ మీంచి దుప్పట్లు ఒక్కొక్కటే తీసింది.

సైమా ఆ తివాచీని ఇంటికి తీసుకుపోయి, వీధి వసారా కమ్మీకి వేలాడదీసింది, ఎర్ర చీటీ బయటికి కనబడేలా. పోస్టాఫీసుకి వెళ్ళేవాళ్ళందరూ ఆగి చదివారు. కొందరు నవ్వారు. ఆ వారం మా ఊళ్ళో సగం ఇళ్ళలో సోఫాలు జరిగాయి. కౌన్సిల్ ఫిర్యాదుని చేతికి తీసుకుని, మంచు కరిగాక చూద్దామని పక్కన పెట్టింది. ఏ మంచు అన్నది వాళ్ళు రాయలేదు.

మంగళవారం పొద్దున ఫోన్ మోగింది. అవతల డుఫ్రేన్ తల్లి.

"సైమా, మా బ్లోయర్ తిరిగినంతసేపూ మూలుగుతోందే. ఒకసారి వస్తావా? మావాడికి మాత్రం చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? నేనొస్తున్నానని చెప్పు," అని సైమా నూనె డబ్బా అందుకుని బూట్లు తొడుక్కుంది.