దమ్ము ఎరిగిన బండి

మా ఊళ్ళో ట్రాక్టర్లు రెండే ఉన్న రోజుల్లో నేను వాటికోసం ఎదురుచూసినంతగా దేనికోసమూ ఎదురుచూడలేదు. కాలువకు నీళ్ళు వదలగానే ఊరంతటికీ ఒక్కసారే ట్రాక్టరు కావాలి. నీళ్ళు పెట్టిన మడిని బురదగా కలియదున్నడాన్ని మా వైపు దమ్ము అంటాం. దమ్ము అవనిదే నాట్లు పడవు. మేము కౌలుకి చేసే పొలమేమో కాలువ చివర. ట్రాక్టరు గలవాళ్ళు ముందు తమ పొలం, తర్వాత చుట్టాల పొలం దున్నుకుని, ఇంకెవరూ మిగల్లేదని తేల్చుకున్నాక మా దగ్గరికి వచ్చేవారు. అలా ఒక ఏడాది మా వంతు వచ్చేసరికి నారు ముదిరిపోయింది. పంట అంతంతమాత్రం. నరసాపురంలో ఉండే మా కామందు గారు, అంటే పొలం సొంతదారు, గట్టు మీద నిలబడి మర్యాదగానే చెప్పారు.

"వచ్చే ఏడాది కూడా నాట్లు ఆలస్యమైతే నేను ఇంకొకళ్ళని చూసుకోవాలమ్మా."

మర్యాదగా అన్నారు కాబట్టి తిరిగి ఒక్క మాట అనలేకపోయాను. ఆ కోపం ఏడాదంతా ఇంట్లోవాళ్ళ మీద తీర్చుకున్నాను.

తొంభైల నడిమి మాట ఇది. మరుసటి ఏడు నారుమడి చల్లిన రోజునే, పాతదైనా సరే ఒక ట్రాక్టరు కొనాలని అనుకున్నాం. మా ఆయన పాలకొల్లు రోడ్డులో పాత ట్రాక్టర్లు అమ్మే బ్రోకరు షెడ్డుకి మూడుసార్లు వెళ్ళొచ్చి, యాభై హార్స్ పవర్ నీలం బండి మీద మనసు పారేసుకున్నారు. పెళ్ళిచూపుల నుంచి వచ్చినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు ఉండి ఉండదు.

"మెట్టలో తిరిగిన బండే. ఒక్కనాడు బురద మొహం చూడలేదు. లోపలంతా కొత్తదే అనుకో," అన్నారు.

మా డెల్టాలో అందరి లెక్కా అదే. బురద బండిని తినేస్తుంది కనుక బురద ఎరగని బండినే ఏరుకోవాలంటారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. కానీ నేను పదేళ్ళుగా దమ్ము రోజుల్లో గట్టు మీద టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డదాన్ని. డ్రైవర్లు టీ తాగుతూ ఏ బండి ఎక్కడ కూరుకుపోయిందో, దేని వెనక చక్రంలోకి నీళ్ళు దూరాయో తిట్టుకుంటూ చెబుతుంటే వింటూ ఉండేదాన్ని. వినడం తప్ప నాకు వేరే పని ఉండేది కాదు.

"మనకి కావలసింది బురదలో నడిచేది కదండీ. బురదే చూడని బండి బురదలో నడుస్తుందని మీకెవరు చెప్పారు?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను కూడా షెడ్డుకి తీసుకెళ్ళారు. దారిలో బంతిపూల దండ, నాలుగు నిమ్మకాయలు కొన్నారు. చూడ్డానికి వెళ్తున్నామో పూజకి వెళ్తున్నామో అని అడిగితే దండని సంచిలో దాచేశారు.

షెడ్డులో నీలం బండి తళతళలాడుతోంది. టైర్ల గళ్ళు లోతుగా ఉన్నాయి, సీటుకి కొత్త కవరు. దాని పక్కన ఒకప్పుడు ఎర్రగా ఉండి ఇప్పుడు ఇటుక రంగుకి దిగిన ముప్ఫై అయిదు హార్స్ పవర్ బండి. దానికంటే పదేళ్ళు పాతది. వెనక టైర్లు మా మామగారి తలలా నున్నగా ఉన్నాయి. నీలం బండి ఇంజను మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. మేం వచ్చేలోపే ఒకసారి స్టార్టు చేసి పెట్టారన్నమాట. ఎర్రది చల్లగా ఉంది, అయినా తాళం తిప్పగానే అందుకుంది. దాని వెనక ఇరుసు కింద బిరడా విప్పించి ఆయిలు చూశాను. లోపలికి నీళ్ళు దిగి ఉంటే మజ్జిగలా తెల్లగా వచ్చేది. నల్లగా, చిక్కగా వచ్చింది. పాత ఆసామి ఏటా దమ్ము అవగానే, నీళ్ళు లోపలికి దూరకుండా ఆపే సీళ్ళు మార్పించేవాడని బ్రోకరు అప్పుడు ఒప్పుకున్నాడు.

రెండు బళ్ళకీ దమ్ముకి వాడే ఇనుప చక్రాలు వేయించి, షెడ్డు వెనక నీళ్ళు పెట్టి ఉన్న బ్రోకరు మడిలోకే దింపమన్నాను. బ్రోకరు నవ్వి, నాకు కాకుండా మా ఆయనకి చెప్పాడు, అంత శ్రమ ఎందుకండీ అని. మా ఆయన నీలం బండి వైపు ఒకసారి చూశారు.

"ఆవిడ చెప్పినట్టే చేయించండి," అన్నారు.

ఆ ఒక్క మాటకి ఆయనవి చాలా తప్పులు మాఫీ చేశాను.

నీలం బండి మడిలో దిగి పది గజాలు ఠీవిగా వెళ్ళింది. మలుపు దగ్గర వెనక్కి కుంగి, డ్రైవరు గట్టిగా తొక్కేకొద్దీ ఇంకా కిందికి దిగి, పొట్ట బురదకి ఆనించి కూర్చుంది. అంత బరువు మా నేల మోయలేదు. పలకలు వేసి, ఆరుగురు మనుషులు పట్టి దాన్ని బయటికి లాగేసరికి మధ్యాహ్నమైంది. ఈలోపు మా ఆయన ఎర్రబండి ఎక్కి, దాని చుట్టూ తిరుగుతూ మడంతా దున్నేశారు. దిగేటప్పటికి కనుబొమల దాకా బురద. సంచిలోంచి ఆ దండ తీసి ఎర్రబండికి ఆయనే వేశారు. బ్రోకరుకి ఒక మడి దమ్ము ఉచితంగా అయిపోయింది.

ఆ ఏడు మా నారుకి సరిగ్గా ఇరవై అయిదో రోజున నాట్లు మొదలయ్యాయి. కాలువ మొదట్లో పొలాలు ఇంకా నీళ్ళు నిలబెట్టుకుని ట్రాక్టరు కోసం చూస్తున్నాయి. రెండో రోజు పొద్దున కామందు గారు వచ్చారు. మా కౌలు గురించి అప్పటికే ఎవరితోనో మాట్లాడి పెట్టారని నాకు తెలుసు. ఆయన గట్టు వెంట ఆ చివరి దాకా నడిచి, వెనక్కి వచ్చారు.

"వాళ్ళకి వద్దని చెప్పేస్తానమ్మా. పొలం మీ దగ్గరే ఉంటుంది," అన్నారు. ఆ తర్వాత, ఇంత ముందుగా మీకు ట్రాక్టరు ఎవరు పంపారని అడిగారు.

"ఎవరూ పంపలేదండి. మాదే," అన్నాను.

ఆయన నాకు మూరెడు దూరంలోనే ఉన్నారు. అయినా ఆ మాట మడి అవతలి గట్టున నాట్లేస్తున్న వాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా చెప్పాను.