ఆషాఢంలో ఖాళీగా ఉన్న వాటా

రిటైర్మెంటు ఇంకా ఆరేళ్లుందనగా, ఒక ఏప్రిల్ మొదటి వారంలో నేను బొబ్బిలి బ్రాంచికి మేనేజరుగా వెళ్లాను. మాది సాధారణ బీమా. అంటే మనిషి ప్రాణానికి కాదు, ఇళ్లకూ దుకాణాలకూ వాహనాలకూ చేసేది. సాలూరు మా పరిధిలోదే. అక్కడి నుంచి వచ్చే పని దాదాపు అంతా లారీలదే. ఇంటికి బీమా కావాలని మా మెట్లెక్కేవాళ్లు అరుదు.

అలా ఎక్కిన మనిషి మార్తమ్మ గారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి విరమించారు. పెన్షన్ లేదు, భర్త పోయారు. సాలూరులో ఆమెకు నాలుగు వాటాల ఇల్లుంది. ముందు రెండూ స్లాబువి, వెనక రెండూ పెంకువి. ఒక దాంట్లో తానుంటూ మూడింటిని లారీ డ్రైవర్ల కుటుంబాలకు అద్దెకిచ్చారు. ఆ అద్దెలే ఆమెకు తిండీ మందులూ. అప్పటికే రెండు కంపెనీలు కాదన్నాయి. పాత పెంకుల కప్పు, నాలుగు పొయ్యిలు, పైగా అద్దెకున్నవాళ్లు ఇంట్లో ఏం దాస్తారో తెలియదన్నది వాళ్ల భయం.

నేను స్వయంగా వెళ్లి చూశాను. దూలాలు గట్టిగానే ఉన్నాయి. ఒక డ్రైవరు వరండాలో డీజిల్ డబ్బాలు పెట్టుకుంటే, నేను నోరు విప్పకముందే ఆమె కసిరి తీయించేశారు. ఆమె స్థలంతో కలిపి విలువ చెప్పారు. నేల కాలదు, గాలికి ఎగరదు కాబట్టి కట్టడానికయ్యే ఖర్చుకే బీమా చేయాలని వివరించాను. నాలుగు వాటాలకూ విడివిడిగా విలువ కట్టి ప్రతిపాదన పంపితే, ప్రీమియం కాస్త పెంచి డివిజనల్ ఆఫీసు వారు ఒప్పుకున్నారు. పాలసీ చేతికిచ్చినప్పుడు పెద్ద ఘనకార్యం చేసినట్టే అనిపించింది. వెనక పేజీల్లోని షరతులు మాత్రం ఆమెకు చదివి చెప్పలేదు. ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. వాటిని చదివే మనిషి ఉంటాడని నేననుకోలేదు.

ఆమె చదివారు, నిఘంటువు పక్కన పెట్టుకుని మరీ.

జూన్‌లో పాలసీ పట్టుకుని మళ్లీ వచ్చారు. వెనక వాటాలో ఒక కుటుంబం ఖాళీ చేసిందట. కొత్తవాళ్లు కుదిరారు, బయానా కూడా ఇచ్చారు. కానీ ఎనిమిది రోజుల్లో ఆషాఢం వస్తోంది, ఈలోగా మంచి రోజు లేదు, శ్రావణం వచ్చాకే దిగుతామన్నారు.

"నాకు ఆషాఢం లేదు బాబూ, అద్దెకొచ్చీవోళ్లకి ఉన్నాది. ముప్పై రోజులు దాటి ఇల్లు కాళీగా ఉంటే బీమా సెల్లదని మీ కాయితంలో రాసున్నాది. మరి ఏటి సెయ్యమంటారు?" అన్నారు.

ఆ షరతు నిజమే. మనిషి లేని ఇంట్లో పొగ వచ్చినా నీరు కారినా చూసే దిక్కుండదని పెట్టింది. విలువలు విడిగా రాశాం కాబట్టి అది ఒక్కో వాటాకూ విడిగా వర్తిస్తుంది. కంపెనీ ముందుగా ఒప్పుకుంటే మాత్రం బీమా కొనసాగుతుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఆషాఢానికీ ఆ షరతుకూ ముడి ఉందని నాకు తట్టలేదు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఆషాఢంలో వస్తే, నెలంతా లాడ్జిలో ఉండి శ్రావణంలో అద్దింట్లో దిగిన ఘనుణ్ణి నేను!

ఆ రోజు ఆఫీసులో ఆడిటర్లున్నారు. నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఎవరూ అడగరనీ, నేనున్నాను కదా అనీ చెప్పి పంపేయబోయాను. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"మీరుంటారు బాబూ. రేపు మీకు ట్రాన్స్‌ఫరైపోతే? డ్యూటీ దిగినప్పుడు మేం నోటితో సెప్పీసి పోతే ఒప్పుకునీవోరు కాదు, కేస్ షీట్లో రాయాల. మీరూ రాసిచ్చీండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. అయినా ఆమె ఎదురుగానే డివిజనల్ ఆఫీసుకు ఉత్తరం రాశాను. మూడో రోజున అనుమతి వచ్చింది. ఆ వాటా అరవై రోజుల వరకూ ఖాళీగా ఉండవచ్చనీ, యజమాని రోజూ తలుపు తీసి చూసుకోవాలనీ ఎండార్స్‌మెంటు ఇచ్చాను. అంటే పాలసీకి జతచేసే అదనపు కాగితం.

వాటా ఖాళీ అయిన ముప్పై ఆరో రోజున వాయుగుండం పట్టింది. పక్క దొడ్లోని కొబ్బరిచెట్టు సరిగ్గా ఆ వాటా మీదే కూలింది. దూలాలు విరిగి కప్పంతా లోపలికి దిగింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. నష్టం లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయర్ తాళం చూసి అడిగిన మొదటి ప్రశ్న, ఇల్లు ఎన్నాళ్లుగా ఖాళీ అని. మార్తమ్మ గారు ఆ ఎండార్స్‌మెంటు కాగితం అందించారు. ఆయన చదివి, తిరిగి ఇచ్చేసి, టేపు తీసి గోడలు కొలవడం మొదలుపెట్టారు.

క్లెయిమ్ మంజూరైంది. దసరా నాటికి ఆ వాటాకు స్లాబు పడింది. నేను సాలూరు వెళ్లి, ఆ రోజు మీకు తప్పుడు సలహా ఇవ్వబోయానని ఆమెతో సూటిగానే చెప్పాను. "రాసిచ్చారు కదా బాబూ, ఇంకేటి? టీ తాగండి" అన్నారు.

మరుసటి ఏడాది నుంచి జ్యేష్ఠమాసం ఆఖరి వారంలో, అద్దె ఇళ్ల పాలసీదారులందరికీ ఆఫీసు నుంచి ఫోన్లు చేయించాను. ఏ వాటా అయినా ఖాళీ అవుతోందంటే ముందే కాగితం ఇచ్చేవాళ్లం. అధికారి నోటి మాట పాలసీలో భాగం కాదని అందరికంటే బాగా తెలియాల్సినవాణ్ణి నేనే. అది నాకు నేర్పింది ఒక పాలసీదారు. ఆవిడ నా మాట మీద భరోసాతో లేచి వెళ్లిపోయి ఉంటే కప్పూ పోయేది, అద్దే పోయేది, నా జీతం మాత్రం ఆగేది కాదు. ఉద్యోగంలో నన్ను నమ్మినవాళ్లు చాలామంది ఉన్నారు. నమ్మకుండా కూర్చున్న ఆ ఒక్క మనిషికే నేను ఎక్కువ కృతజ్ఞుణ్ణి.