అమ్మమ్మ నేర్చిన మాటలు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ 'మైకు' అనేవాళ్లు. కొట్లో మిషన్లన్నీ ఒకేసారి తిరుగుతున్నా ఆవిడ గొంతే పైకి వినబడేది. కొలతలు తీసుకునేలోపే వచ్చినవాళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేసేది.

అలాంటి మనిషి మనవరాలికి పుట్టుకతోనే వినబడదని తేలింది.

కూతురు సైగల భాష నేర్చుకుంటానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "చేతులు తిప్పడం మరిగితే దానికిక మాటలు రావే! మనమే గట్టిగా మాట్లాడదాం" అంది. కూతురు వినలేదు. పిల్లను వెంటబెట్టుకుని క్లాసుకు వెళ్లింది. ఆవిడ మాత్రం అరుస్తూనే ఉంది.

ఒక సాయంత్రం పిల్ల కొట్లో వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ నీళ్లు తాగించింది, బిస్కెట్ పెట్టింది, ఎత్తుకుని తిప్పింది. ఊహూఁ. పిల్ల ఒకే సైగ మళ్లీ మళ్లీ చేస్తోంది. ఆవిడకు ముక్క అర్థం కాలేదు.

పని నుంచి వచ్చిన కూతురు పిల్ల చేతులు చూసి, "నీకు కోపమా అని అడుగుతోందమ్మా. ఎప్పుడూ ముఖం చిట్లించి, నోరంతా తెరుస్తావట. తనేం తప్పు చేసిందో చెప్పమంటోంది" అంది.

ఆవిడ పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

తర్వాతి క్లాసులో తల్లుల మధ్య ఆవిడా ఉంది. సూది పట్టిన వేళ్లు కదా, చురుగ్గానే తిరిగాయి. తికమక మాత్రం తప్పలేదు. 'నిద్ర వస్తోందా?' అనబోయి 'కోడి వస్తోందా?' అని అడిగింది. పిల్ల గుమ్మం దాకా వెళ్లి, వీధి అటూ ఇటూ చూసి వచ్చింది. సంగతి తెలిశాక పడీపడీ నవ్వింది.

తాతయ్య కూడా పట్టుదలగా నేర్చుకున్నాడు. "నీ గొంతు దాటి నా మాట ఏనాడు బయటికొచ్చింది గనకే! ఇప్పుడు చెయ్యెత్తితే చాలు" అనేవాడు. వినబడే చంటి మనవడు సైతం, మాటలింకా రాకముందే, అక్కను చూసి పిడికిలి మూసి తెరిచి పాలు అడగసాగాడు. ఏడుపులు సగం తగ్గాయి.

ఇప్పుడు మనవరాలు బడి నుంచి నేరుగా కొట్టుకే వస్తుంది. ఆవిడ మిషన్ ఆపి, తన చిన్ననాటి అల్లరంతా చేతులతో చెప్పుకొస్తుంది. కథ మరీ సాగితే పిల్ల గట్టిగా కళ్లు మూసేసుకుంటుంది. అంటే, ఇక చాల్లే అని.

"చూశావా దీని పొగరు!" అని ఆవిడ కూతురితో మురిసిపోతుంది.

కాసేపటికి పిల్ల ఒక కన్ను కొద్దిగా తెరుస్తుంది. ఆవిడ చేతులు మళ్లీ లేస్తాయి.