బాబాయి బాగుందన్న చేప

మా బాబాయి పోయాడు. పరవాడ కంపెనీ బస్సులో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి ఎల్లిపోయేడమ్మా" అంది, అంతే. ఎదురుచూస్తున్న కబురే. అయినా బస్సు గేటు ముందు ఆగి అందరూ దిగిపోయాక కూడా నేను లేవలేదు. ఏడుపు కంటే ముందు నాకు భయమేసింది. ఆ భయం ఎందుకో ఇంతవరకూ పిన్నికి చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

బాబాయి ఓడల్లో వంటవాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే. ఎండాకాలం అనకాపల్లి వస్తే మాత్రం మాకు సుషీ, అన్నంలో పచ్చి చేప పెట్టి చుట్టే జపాను వంట, చేసి పెట్టాల్సిందే. పచ్చి చేప అనగానే మీరు మొహం చిట్లించారని తెలుసు. మా వీధి వీధంతా చిట్లించింది. మొదటి ఏడు వంటింటి గడప దాటి రాని పిన్ని, మూడో ఏటికి మా వాటా కూడా లాక్కుంది.

ఊళ్లో అందరూ పాత బియ్యం కోసం వెతుక్కుంటే ఈయన అంటుకునే కొత్త బియ్యం కావాలనేవాడు. అన్నంలో వెనిగర్‌తో పాటు పంచదార బదులు మన బెల్లం పాకం కలిపేవాడు. సుషీ కాస్త గోధుమ రంగులో వచ్చేది. "జపానోడు సూత్తే ఏడుత్తాడు" అని తనే నవ్వేవాడు. ఓడ నుంచి డబ్బాలో తెచ్చిన నల్లటి నాచు కాగితాల మీద నేనూ, ఆయన పిల్లలిద్దరూ తడి చేతులతో అన్నం పరిచేవాళ్లం. సగం అన్నం మా మోచేతులకే అంటుకునేది.

అన్నిటికంటే ముందు ముక్కు. పూడిమడక నుంచి ఐసులో తెచ్చిన కోనెం చేప మొప్ప ఎత్తి, ముక్కు ఆనించి, కళ్లు మూసుకునేవాడు. మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. "బాగుంది" అన్నాకే కత్తి తీసేవాడు. అనుమానమొస్తే పులుసుకి కూడా ఉంచనిచ్చేవాడు కాదు. "కళ్లు మోసపోతాయమ్మా, ముక్కు మోసపోదు" అనేవాడు. ఆ ముక్కు మీద భరోసాతోనే పిన్ని పిల్లల్ని పచ్చి చేప తిననిచ్చేది.

నా ఇంటర్ పరీక్షలైన ఎండాకాలం. పొద్దున్న ఎనిమిదికే గచ్చు కాలుతోంది. కరెంటు పోయింది. ఐసు కరిగి నీళ్లు మా కాళ్ల దాకా వచ్చాయి. బాబాయి మొప్ప ఎత్తాడు, కళ్లు మూసుకున్నాడు, "బాగుంది" అన్నాడు. పళ్లెం పట్టుకుని పక్కనే ఉన్న నేను ముక్కు మూసుకున్నాను. చేప కుళ్లిపోయింది. రెండడుగుల దూరంలో నాకు అంత కంపు కొడుతుంటే, ముక్కు ఆనించిన మనిషి కత్తి అందుకుంటున్నాడు. వెనక పిల్లలు ఆకలని గోల చేస్తున్నారు.

"బాబాయ్!" అన్నాను. నా మొహం చూసి కత్తి కింద పెట్టాడు.

"ఏటమ్మా, వాసనొత్తందా?"

తలూపాను. మళ్లీ మొప్ప ఎత్తి గట్టిగా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. ఆయన మొహం పాలిపోయింది.

"నిరుటి నుంచీ నాకు ఏ వాసనా తెలీట్లేదు. మీ పిన్నికి సెప్పకు తల్లీ. ఓడోళ్లకి తెలిత్తే దింపేత్తారు. ముక్కు లేని వంటోణ్ణి ఎవడు పెట్టుకుంటాడు?"

"డాక్టరుకి చూపించుకోవా?"

"పడిశానికి డాక్టరేటి? అదే తగ్గిపోద్ది. నా మీద ఒట్టెయ్యి."

వేశాను. చేపని పెరట్లో పాతిపెట్టి, దోసకాయా గుడ్డట్టూ పెట్టి సుషీ చుట్టాడు. చేప నచ్చలేదని పిన్నితో చెప్పాడు. "సూసేరా, మీ నాన్న ముక్కుండగా మనకి బయం నేదు" అని పిన్ని పిల్లల దగ్గర మురిసిపోయింది. నేను తలొంచుకుని తిన్నాను.

మరో ఎండాకాలానికి బాబాయికి తలనొప్పులు, చూపు మసక. విశాఖపట్నంలో డాక్టరు తలలో గడ్డ ఉందన్నాడు. ముక్కు నరాల మీదే పెరిగిందట. "వాసన ఎప్పటి నుంచి తెలియడం లేదు? అప్పుడే వచ్చి ఉంటే చిన్నగా ఉండగానే తీసేసేవాళ్లం" అన్నాడు. పిన్ని తెల్లబోయింది. బాబాయి నా వైపు ఒక్కసారి చూశాడు.

"ఈమద్దేనండి. ఎవులికీ సెప్పలేదు" అన్నాడు.

నన్ను కాపాడాడు. నేను కాపాడబడి ఊరుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆపరేషన్ తర్వాత నాలుగేళ్లు బతికాడు. నా మీద కోపమన్నది ఎరగడు. వాన పడితే "ఏటమ్మా, మట్టి వాసనొత్తందా?" అని అడిగేవాడు. బెల్లం పాకం కాగుతుంటే ఎలా ఉందో చెప్పమనేవాడు. నేను చెబుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. వాసనని మాటల్లో పెట్టడం నాకు అలా అబ్బింది.

దినం అయ్యాక, ఇంట్లో మళ్లీ చేప వండుకునే రోజున, పిన్ని కోనెం తెచ్చింది. తిన్నగా నా దగ్గరకొచ్చి మొప్ప ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టింది.

"సూడమ్మా. మీ బాబాయి తరవాత నీ ముక్కునే నమ్ముకున్నాను."

చేప తాజాగానే ఉంది. చెబుదామని నోరు తెరిస్తే, ఇన్నేళ్లూ దాచిన మాట అడ్డం పడింది. ఒక్క "బాగుంది" రాలేదు. పిన్ని మొప్ప ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె వేళ్ల మీంచి ఐసు నీళ్లు గచ్చు మీద పడుతున్నాయి.